పాతమోటారు బేరము – బియ్యములోని రాళ్లు

సొమ్మిచ్చి కొనెడి వస్తువులు రెండు విధములు. కొన్నిటి గుణము చూచినంతనే తెలియును. కొన్నిటి గుణము ఇంటికి తెచ్చి వాడిన పిమ్మట గాని తెలియదు. కుండ పగిలినదో మంచిదో వ్రేలితో కొట్టి అంగడిలోనే తెలిసికొనవచ్చును. ఆవు ఎన్ని పాలిచ్చునో, ఎద్దు కాడికి సాగునో సాగదో బేరమునాడు తెలియుట కష్టము. మన కాలమున ఈ రెండవ తెగ వస్తువులలో పాతమోటారుకారు ముఖ్యమైనది. మధ్యతరగతి గృహస్థుడు పెక్కేండ్లు కూడబెట్టిన ధనమును, ఒక్కొక్కప్పుడు అప్పుతెచ్చిన ధనమును దానిపై పెట్టుచున్నాడు. అమ్మువాడు దాని రోగములన్నియు నెఱుగును. కొనువాడు దాని రంగుమాత్ర మెఱుగును. మరమ్మతు షెడ్డులో నైనను స్థితి యింతియే. ఏ భాగము చెడినదో, ఏది చెడలేదో మెకానిక్కు చెప్పినదే వేదము. ఈ చిక్కు నేటిది కాదు. దీని చరిత్ర తెలిసినయెడల మన కోపము ఎవరిపై నుండవలెనో, మన ప్రయత్నము ఎటు సాగవలెనో కొంత తేటపడును.

మన ధర్మశాస్త్రకారులు ఈ కష్టమును బాగుగా గుర్తించిరి. కొన్న వస్తువును పరీక్షించుటకు యాజ్ఞవల్క్యస్మృతి గడువులు ఏర్పఱచినది: విత్తనములకు 10 దినములు, ఇనుమునకు ఒక దినము, బరువులాగు పశువులకు 5 దినములు, రత్నములకు 7 దినములు, పాడిపశువులకు 3 దినములు. ప్రాచీన రోమునగరమునందు అంగడులపై అధికారులైన ఎడైలులు బానిసలను, పశువులను అమ్మువారు వాని రోగములను, దోషములను ముందుగానే వెల్లడింపవలెనని శాసించిరి. రెండు దేశముల శాసనములును మనుష్యులను సరకులలో చేర్చినవన్నది వేఱొక విచారకరమైన కథ. కాని బేరము విషయమున వాని భావము స్పష్టము. తెలిసినవాడు చెప్పవలెను, తెలియనివానికి గడువుండవలెను. తరువాతి కాలమున ఇంగ్లీషు న్యాయము దీనికి భిన్నముగా, కొనువాడే కన్నులు తెఱచి కొనవలెనని ముఖ్యసూత్రముగా చెప్పెను. మన దేశమున 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము 16వ సెక్షనులో కొన్ని మినహాయింపులతో ఆ సూత్రమునే నిలిపినది.

మోటారుకారు సామాన్యుల యింటికి మొదట చేరినది అమెరికాలో. 1919లో జనరల్ మోటార్సు సంస్థ వాయిదాల పద్ధతిపై కార్లమ్ముటకు ఒక అనుబంధసంస్థను స్థాపించెను. ఏటేట క్రొత్త నమూనాలు వెలువడుటయు, పాతకారు ఇచ్చి క్రొత్తది తీసికొనుటయు వాడుకయ్యెను. అందుచే పాతకార్ల అంగడులును, వాని వెంబడి మరమ్మతు షెడ్లును ఊరూర వెలసెను. 1941లో రీడర్స్ డైజెస్టు పత్రిక ఈ షెడ్లను పరీక్షింప బూనెను. దాని పరిశోధకులు ఇంజనులో కాయిలు తీగె నొకదానిని ఊడదీసి, ఏమియు నెఱుగనివారివలె షెడ్డునకు పోవుచుండిరి. ఆ తీగెను మరల తగిలించుట క్షణకాలపు పని. అప్పటి 48 రాష్ట్రములలోను వారు చూచిన షెడ్లు 347. వానిలో నూటికి 63 షెడ్లవారు లేని రోగమును కల్పించియో, అక్కఱలేని భాగములను మార్చియో, చేయని పనికి సొమ్ము పుచ్చుకొనియో మోసగించిరి. రేడియోలను, గడియారములను బాగుచేయువారిని కూడ ఆ పరిశోధకులు ఇట్లే పరీక్షించిరి. మోసము మోటారువారి సొత్తు కాదనియు, తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ బేరము జరుగుచోట నెల్ల పొంచియుండుననియు దీనివలన తేలినది.

దీనికి కారణమును శాస్త్రరీతిగా విప్పి చెప్పినవాడు జార్జి అకెర్లాఫ్ అను అమెరికా ఆర్థికవేత్త. ఆయన వ్యాసమును మూడు పత్రికలు త్రిప్పిపంపగా, నాలుగవది 1970లో ప్రకటించెను. అమెరికావారు చెడ్డకారును నిమ్మపండని పిలుతురు. నిమ్మపండ్ల అంగడి యనునదే ఆ వ్యాసమునకు పేరు. ఆయన వాదమును మన లెక్కలో ఇట్లు చెప్పవచ్చును. మంచి పాతకారు విలువ 4 లక్షలు, చెడ్డదాని విలువ 2 లక్షలు అనుకొందము. ఏది యేదో తెలియని కొనుగోలుదారుడు నడిమిధర 3 లక్షలు మాత్రమే యిచ్చును. మంచికారు గలవాడు ఆ ధరకు అమ్మనొల్లక తన కారు ఇంటనే ఉంచుకొనును. అంతట అంగడిలో చెడ్డకార్లు హెచ్చును. కొనువాడు మఱింత భయపడి ధర తగ్గించును. మిగిలిన మంచికార్లును తొలగును. కడపట మోసము మంచివస్తువును అంగడినుండియే తఱిమివేయును. మోసపోయిన గృహస్థు ఒక్కడే నష్టపడుట లేదు. నిజాయితీగల వ్యాపారి కూడ చెడుచున్నాడు.

ఈ వ్యాసమునకు మన దేశముతో సంబంధము కలదు. అకెర్లాఫ్ 1967-68లో ఢిల్లీయందలి భారత గణాంకశాస్త్ర సంస్థలో గడపెను. బియ్యము రంగును, ఆకారమును గల రాళ్లను వర్తకులు కావలెనని కలుపుటయు, భారతదేశపు ఇల్లాండ్రు వానిని ఓపికతో ఏఱుకొనుటయు ఆయన తన వ్యాసములో ఉదాహరించెను. చేటలో రాళ్లేఱుట మన స్త్రీలు తరతరములుగా జీతము లేక చేసిన తనిఖీ. దాని వెలను ఏ వర్తకుడును ఏ లెక్కలోను వ్రాయలేదు. ఆయనకు 2001లో మఱి యిద్దఱితోపాటు నోబెలు బహుమానము లభించినది.

రోగము తెలిసినపిమ్మట అమెరికావారు చట్టములకు పూనుకొనిరి. 1971లో కాలిఫోర్నియా రాష్ట్రము మరమ్మతు షెడ్లన్నియు ప్రభుత్వమునొద్ద నమోదు కావలెననియు, పనికి ముందే అంచనా వ్రాసి యీయవలెననియు, అడిగినచో తీసివేసిన పాతభాగమును యజమానికి అప్పగింపవలెననియు విధించెను. 1972లో కారు తిరిగిన దూరము చూపు మీటరును వెనుకకు త్రిప్పుట దేశమంతట నేరమయ్యెను. 1982లో కనెక్టికట్ రాష్ట్రము, ఎన్నిసారులు బాగుచేసినను కుదురుపడని క్రొత్తకారును తయారీదారు మార్చియీయవలెను, లేదా సొమ్ము తిరిగి యీయవలెనని శాసించెను. ఇవి యన్నియు సులువుగా వచ్చినవి కావు. పాతకారు వర్తకుడు తానెఱిగిన దోషములను అద్దముపై అంటించిన చీటీలో చూపవలెనని వాణిజ్యసంఘము 1981లో చేసిన నిబంధనను 1982లో కాంగ్రెసు కొట్టివేసెను. 1984లో మరల వచ్చిన నిబంధనలో చీటీ మిగిలెను గాని, దోషములు చెప్పవలెనను మాట తొలగిపోయెను. రోమునగరపు ఎడైలులు రెండువేల యేండ్లనాడు అడిగినంత కూడ ఆ చీటీ యడుగలేదు.

మన దేశపు కథ వేఱుత్రోవను నడచినది. 1957లో వెలువడిన అంబాసిడరు కారు 2014 వరకు పెద్ద మార్పులు లేకయే తయారయ్యెను. లైసెన్సుల కాలమున క్రొత్తకారు కొఱకు ఏండ్లతరబడి కాచుకొనవలసి వచ్చెడిది. కావున పాతకారునకే గిరాకి హెచ్చు. అయినను ఒక మేలు కలదు. కార్ల రకములు నాలుగైదే గనుక వాని గుట్టు అందఱికిని తెలియును. రోడ్డుప్రక్క చెట్టుక్రింది మెకానిక్కు చెవితో విని రోగము చెప్పగలిగెడివాడు. విజయవాడలోని ఆటోనగరువంటి చోట్ల ఈ విద్య పుస్తకము లేకయే గురువునుండి శిష్యునకు దిగినది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చెను. 1990ల తరువాత రకములు పదులసంఖ్యలో పెరిగెను. కార్బ్యురేటరు పోయి కంప్యూటరుతో నడచు ఇంజనులు వచ్చెను. నిన్నటి నిపుణుడు నేడు తెలియనివాడయ్యెను. పరీక్షించు సాధనము లేనివాడు ఊహతో ఒక్కొక్క భాగమును మార్చుచు పోవును. యజమానికి అది మోసముగానే తోచును. అజ్ఞానమును మోసముగా నెంచరాదు. కాని రెంటికిని మూల్యము చెల్లించువాడు గృహస్థుడే. 2014లో భారత స్పర్ధాసంఘము, విడిభాగములను, మరమ్మతు సమాచారమును బయటి షెడ్లకు అందనీయలేదని 14 కార్లసంస్థలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జుల్మానా విధించెను. ఆ సంస్థలలో కొన్ని దానిపై అప్పీలు చేసినవి. చిన్న మెకానిక్కు అజ్ఞానమునకు పెద్దవారి మౌనము కూడ ఒక కారణమని ఆ తీర్పు చాటినది.

అమ్మువారికి కూడ అపాయము కలదు. కారు చేతులు మారినను రిజిస్టరులో పేరు మారనిచో, ప్రమాదము జరిగినప్పుడు నష్టపరిహారపు భారము రిజిస్టరులోని యజమానిపైననే పడునని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. తాళపుచెవులు ఇచ్చివేసితిమి గదా యని నిద్రించిన వారికి ఈ తీర్పు మేలుకొలుపు. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి పాతవాహనముల వర్తకులు అధికారికముగా అనుమతి పొంది, తమ చేతికి వచ్చిన వాహనముల లెక్క చూపవలెనను నిబంధనలు అమలులోనికి వచ్చినవి.

చట్టము సగము మందు మాత్రమే. తక్కిన సగము మన యలవాట్లలో నున్నది. మెకానిక్కు గంటసేపు వెదకి కారణము కనిపెట్టి, భాగమేదియు మార్పనక్కఱలేదని చెప్పినచో, ఆ శ్రమకు కూలి యిచ్చువారు మనలో నెందఱు? భాగమునకు సొమ్మిత్తుము గాని జ్ఞానమునకు ఈయము. అట్లు చేసి, అక్కఱలేని భాగములను అమ్ముమని మనమే వానికి నేర్పుచున్నాము. వ్రాతపూర్వకమైన అంచనా అడుగుట, తీసివేసిన భాగమును చూపుమనుట, కొనుటకు ముందు తనకు సంబంధములేని మెకానిక్కుచేత రుసుమిచ్చి పరీక్ష చేయించుట, అమ్మునప్పుడు తా నెఱిగిన లోపమును దాచకుండుట – ఇవి అవమానకరములు కావు. బేరమును శుభ్రపఱచు పనులు. షెడ్డులో నూనెచేతులతో నేర్చుకొనుచున్న యువకునకు ఐ.టి.ఐ. చదువును, సాధనములను అందునట్లు చేయుట సంఘమంతటి బాధ్యత. తనయింటి బియ్యములో రాళ్లేఱుకొను ఓపిక మనకు తరతరములుగా నున్నది. రాళ్లు కలుపనవసరము లేని అంగడిని నిర్మించు ఓపిక ఇక మనము అలవఱచుకొనవలెను.