పలక కంప్యూటర్ కథ: బరువు, ఛార్జింగు, ధర

"ట్యాబ్లెట్ కొందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటావ్?" అని ఎవరైనా అడగ్గానే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం ప్రాసెసరు, ర్యామ్ లెక్కలు మొదలెడతాం. కానీ ఈ వస్తువు చరిత్ర ఒకసారి తిరగేస్తే ఆ లెక్కలతో నెగ్గిన పలకలు చాలా అరుదు. చేతికి ఎంత బరువు, ప్లగ్గుకి దూరంగా ఎంతసేపు, జేబుకి ఎంత చిల్లు... దాదాపు ప్రతిసారీ ఈ మూడే తేల్చాయి.

అసలు ఈ ఊహ పాతది. 1972లో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పనిచేస్తున్న అలన్ కే, డైనాబుక్ అనే యంత్రం గురించి ఒక పేపర్ రాశాడు. నోటుపుస్తకమంత సైజు, నాలుగు పౌన్ల లోపు బరువు, 500 డాలర్ల దగ్గర ధర. అదీ పిల్లల కోసం! కంప్యూటర్లు గదుల్లో ఉండే రోజుల్లో అది తయారయ్యే వస్తువు కాదు. కానీ ఆయన గీసిన హద్దులు చూడండి: బరువు, ధర.

1989లో జెఫ్ హాకిన్స్ రూపొందించిన గ్రిడ్‌ప్యాడ్ బజారులోకి వచ్చింది. సుమారు రెండు కిలోల బరువు, రెండు వేల డాలర్లు దాటిన ధర. బయట తిరుగుతూ ఫారాలు నింపే ఉద్యోగులకి పనికొచ్చింది, ఇంట్లోకి మాత్రం రాలేదు. ఆ పాఠం హాకిన్స్‌కి బాగా ఒంటబట్టినట్టుంది. తర్వాత పామ్ పైలట్ తయారుచేసే ముందు ఓ చెక్కముక్కని జేబులో పెట్టుకుని తిరిగాడట, ఆ సైజు రోజూ మోయగలమా లేదా అని చూడ్డానికి! 1996లో వచ్చిన పైలట్ రెండు చిన్న బ్యాటరీలతో వారాల తరబడి నడిచింది. చేసే పనులు తక్కువే, కానీ ప్రయాణంలో తోడొచ్చేది. అంతకుముందు 1993లో ఆపిల్ తెచ్చిన న్యూటన్ చేతిరాతనంతా చదివేస్తానని బయల్దేరి, తప్పులు చదివి నవ్వులపాలైంది. 1998లో దాన్ని ఆపేశారు. 2002లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీని యథాతథంగా పలక మీదికెక్కించింది. మౌస్ కోసం చేసిన మెనూలు, చేతిలో పెన్ను, లాప్‌టాప్ అంత బరువు. మామూలు జనం పట్టించుకోలేదు.

ఇంతకీ మనవాళ్ళేం చేశారంటే, తక్కువేమీ చెయ్యలేదు. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు, ఎన్‌కోర్ ఇంజనీర్లు కలిసి సిమ్‌ప్యూటర్ తలపెట్టారు. ఊరికి ఒక్కటి చాలు, ఎవరి స్మార్ట్‌కార్డు వాళ్ళు పెట్టుకుని వాడుకోవచ్చు, చదువురాని వాళ్ళకి అదే చదివి వినిపిస్తుంది అన్నది ఆలోచన. నా దృష్టిలో అప్పటి అమెరికా పలకలన్నిటికన్నా మంచి ఆలోచన ఇదే. కానీ 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చేసరికి ధర సుమారు పదివేల రూపాయల దగ్గర మొదలైంది. ఏ పల్లె కోసం తయారైందో ఆ పల్లెకే అందలేదు.

2010లో ఐప్యాడ్ వచ్చింది. కెమెరా లేదు, యూఎస్‌బీ లేదు, ఫ్లాష్ లేదు. అయితేనేం? 680 గ్రాములు, పది గంటల ఛార్జింగు, 499 డాలర్లు. అలన్ కే గీసిన హద్దుల్లోకి వచ్చేసింది.

మరుసటేడు, 2011 అక్టోబరులో, మన ప్రభుత్వం ఆకాశ్‌ని విడుదల చేసింది. వాటి కూర్పు మన హైదరాబాదులోనే జరిగింది. ఒక్కోటి సుమారు 2,250 రూపాయలు. ధర అద్భుతం! కానీ 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, గట్టిగా నొక్కితేగానీ కదలని తెర, త్వరగా అయిపోయే బ్యాటరీ. పైగా అందులో ఉన్న ఆండ్రాయిడ్ 2.2కి తెలుగు చూపించడం రాదు, అక్షరాల బదులు డబ్బాలు. తెలుగు మీడియం పిల్లాడికి ఆ పలక ఏం చెప్పగలదు? సిమ్‌ప్యూటర్ ధర దగ్గర ఓడితే, ఆకాశ్ ధర ఒక్కటే చూసుకుని ఓడింది.

2012లో నెక్సస్ 7, ఐప్యాడ్ మినీ వచ్చాక ప్రయాణాల లెక్క తేలిపోయింది. 340 గ్రాములు, 308 గ్రాములు. ఒంటి చేత్తో పట్టుకుని రైల్లో పై బెర్తు మీద పడుకుని చదువుకోవచ్చు. పలక విలువ విమానంలో తెలిసింది మాత్రం 2017లో. దుబాయ్, దోహా, అబుదాబీతో సహా పది విమానాశ్రయాల నుంచి అమెరికా వెళ్ళేవాళ్ళు ఫోనుకన్నా పెద్ద పరికరాలు క్యాబిన్‌లోకి తేకూడదని మార్చిలో ఆంక్ష పెట్టారు. హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా వెళ్ళే మనవాళ్ళెందరికో అదే దారి. ఎమిరేట్స్ పై తరగతుల వాళ్ళకి సర్ఫేస్ పలకలు అరువిచ్చింది, ఎకానమీ వాళ్ళకి సీటు ముందున్న తెరే గతి. జులైకల్లా ఆంక్ష ఎత్తేశారు.

అందుకే ఎవరికైనా పలక ఎంచి పెట్టేటప్పుడు ముందు మూడు ప్రశ్నలు: ఎవరి చేతిలో ఉంటుంది, ప్లగ్గుకి ఎంత దూరంలో ఉంటుంది, వాళ్ళ భాష దానికి వచ్చా? అమ్మానాన్నలకైతే మంచం మీద ఆనించుకుని తెలుగు చదవగలిగే పది అంగుళాలది. నెలకి నాలుగు ప్రయాణాలు చేసేవాళ్ళకైతే ఎనిమిది అంగుళాలది. ర్యామ్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.