పచ్చిపాల వెదకులాట

2006 శరదృతువులో మా అమ్మ న్యూజెర్సీకి వచ్చింది. నా భార్యకు అప్పుడు ఏడో నెల. మా అత్తగారికి వీసా దొరకకపోవడంతో పురుటి బాధ్యత అమ్మ మీద పడింది. వచ్చిన మర్నాడే వంటింట్లోంచి పిలిచింది.

"ఏరా, ఇవి పాలేనా? పొద్దున్న కాచాను. ఇంతవరకూ మీగడ కట్టలేదు."

గిన్నెలోకి తొంగి చూశాను. కాగితంలాంటి పలుచని పొర ఒకటి తేలుతోంది. గాలను డబ్బా మీద "సంపూర్ణ పాలు" అని రాసి ఉన్న మాట నిజమే. కాని అమ్మ దృష్టిలో అవి పాలు కావు. తోడు వేస్తే పెరుగు తోడుకొనేది, కాని దాని మీద మీగడ ఉండేది కాదు. "కడుపుతో ఉన్న పిల్లకు ఇవా పొయ్యడం? ఇంత పెద్ద దేశంలో ఆవును పిండి పాలు పోసేవాళ్ళే లేరా?" అని నిలదీసింది.

ఉన్నారు. కాని ఆ రోజుల్లో న్యూజెర్సీలో పచ్చిపాలు అమ్మడం నిషిద్ధం. డెలావేరు నది దాటితే పెన్సిల్వేనియా. అక్కడ రాష్ట్రప్రభుత్వం నుండి అనుమతిపత్రం పొంది, ఎప్పటికప్పుడు పరీక్షలు చేయించుకొనే రైతు పచ్చిపాలు అమ్ముకోవచ్చు. ఒక శనివారం అమ్మను వెంటబెట్టుకొని గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్ళాను. నా భార్య రానంది. గర్భిణులు తినకూడని వాటిలో పచ్చిపాలను మొదటి వరుసలో చేర్చి ఆమె వైద్యురాలు ఇచ్చిన కాగితం మా ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది.

అది చిన్న పాడి. పాతిక ముప్ఫై ఆవులు ఉంటాయేమో. ఆ ఇంటి ఇల్లాలు చల్లని గాజు సీసాలు రెండు తెచ్చి మా ముందు పెట్టింది. సీసా మెడ దగ్గర పసుపుపచ్చని మీగడ నాలుగు వేళ్ళ మందాన పేరుకొని ఉంది. దాన్ని చూసి అమ్మ ముఖం వికసించింది. ఆవిడ సంతోషించి, ఒక కాగితపు గ్లాసులో కొంచెం పోసి, "రుచి చూడండి" అంటూ అమ్మకు అందించింది.

అమ్మ గ్లాసు పుచ్చుకోలేదు. నా వైపు తిరిగి, "కాచకుండానా?" అంది.

ఆ మాటను ఆవిడకు ఆంగ్లంలో చెప్పాను. ఆవిడ అంతకన్న ఎక్కువగా ఆశ్చర్యపోయింది. "కాచేటట్లయితే ఇంతదూరం రావడమెందుకు? కాచిన పాలు మీ ఊరి అంగడిలోనే ఉన్నాయి కదా!"

పచ్చిపాలు కావాలనుకొన్న ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరికి కావలసినవి పచ్చిగా కొని కాచుకొనే పాలు. మరొకరు అమ్ముతున్నవి పచ్చిగా తాగే పాలు. పేరు ఒకటే, వస్తువు ఒకటే, కాని ఉద్దేశం వేరు. ఆ వ్యత్యాసం ఎక్కడిది అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. తరువాత అప్పుడప్పుడు చదివి తెలుసుకొన్నదాన్ని ఇక్కడ పంచుకొంటున్నాను.

అమెరికాలో పచ్చిపాల మీద అపనమ్మకం పల్లెలో పుట్టలేదు, నగరంలో పుట్టింది. 19వ శతాబ్దపు మధ్యకాలానికి న్యూయార్కు, బ్రూక్లిను నగరాలలో మేత భూములు కరిగిపోయాయి. సారాబట్టీల పక్కనే పశువుల కొట్టాలు వెలిశాయి. ధాన్యం పులియబెట్టి సారా తీసిన తరువాత మిగిలే వేడివేడి పిప్పి నీళ్ళే ఆ పశువులకు మేత. మన ఇళ్ళలో కుడితి అంటే బియ్యం కడుగు, తవుడు కలిసిన మంచి ఆహారం. అది మాత్రం పేరుకే కుడితి. దాన్ని తాగి, వెలుతురు లేని కొట్టాలలో కట్టివేయబడి, ఆ పశువుల పళ్ళు ఊడిపోయేవి, తోకలు కుళ్ళిపోయేవి. వాటి పాలు నీలివన్నెతో పలుచగా ఉండేవి. ఆ వన్నె తెలియకుండా సుద్ద, పిండి వంటివి కలిపి, స్వచ్ఛమైన పల్లెటూరి పాలని చెప్పి అమ్మేవారు. 1842లోనే రాబర్ట్ హార్ట్లీ అనే సంస్కర్త ఈ పాలకు వ్యతిరేకంగా ఒక గ్రంథం వెలువరించాడు. 1858లో ఫ్రాంక్ లెస్లీ తన సచిత్ర వారపత్రికలో ఆ కొట్టాల బొమ్మలు వరుసగా వేయించి నగరాన్ని కుదిపివేశాడు. విచారణకు నియమితులైన నగరపాలకులు మొదట సారాబట్టీలనే వెనకేసుకొచ్చారు. చివరకు 1862లో న్యూయార్కు రాష్ట్రం ఆ కుడితిపాలను నిషేధించింది.

చట్టం వచ్చినా పసిపిల్లల మరణాలు ఆగలేదు. పాలలో సుద్ద లేకపోవచ్చు, కాని పిండిన చోటినుండి తాగే చోటికి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టేది. వేసవిలో ఆ ప్రయాణం ప్రాణాంతకం. ఈ సమస్యకు 1893లో రెండు వేరువేరు సమాధానాలు పక్కపక్క ఊళ్ళలోనే మొదలయ్యాయి.

మొదటిది నాథన్ స్ట్రాస్‌ది. ఆయన మేసీస్ అంగడి యజమానులలో ఒకడు. న్యూయార్కులో పేదల పిల్లల కోసం ఒక పాలకేంద్రం తెరిచి, వేడిచేసి శుద్ధిపరచిన పాలను చౌకగా, డబ్బులేనివారికి ఉచితంగా ఇచ్చాడు. లూయీ పాశ్చర్ 1860లలో ద్రాక్షసారాయి చెడిపోకుండా కనిపెట్టిన పద్ధతే ఇక్కడ పాలకు పనికివచ్చింది.

రెండవది హెన్రీ కోయిట్ అనే వైద్యునిది. ఆయన వేడిచేయడాన్ని నమ్ముకోలేదు. ఆవు ఆరోగ్యం, కొట్టం శుభ్రత, పిండేవారి చేతులు, చల్లదనం, ఇవన్నీ వైద్యసంఘం పర్యవేక్షణలో ఉంటే పచ్చిపాలే క్షేమమని వాదించాడు. వాటికి "సర్టిఫైడ్" పాలు అని పేరు. అవి మంచి పాలే, కాని ఖరీదైన పాలు. కలిగినవారి పిల్లలు వాటిని తాగారు. వేడిచేయడమో, చవకైన పని. కనుక నగరాలు చివరకు స్ట్రాస్ దారినే పట్టాయి. 1908లో షికాగో నగరం పాశ్చరీకరణను తప్పనిసరి చేసింది. 1947లో మిషిగన్ మొత్తం రాష్ట్రానికే వర్తించే చట్టం చేసింది. 1987లో కేంద్రప్రభుత్వం ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పచ్చిపాలు అమ్మకానికి తరలించడాన్ని నిషేధించింది. రాష్ట్రం లోపలి అమ్మకం మాత్రం ఆయా రాష్ట్రాల ఇష్టానికే వదిలింది. అందుకే నదికి ఒక ఒడ్డున ఒక న్యాయం, రెండో ఒడ్డున మరొక న్యాయం.

కోయిట్ వైద్యుడు ఏ ఊరివాడో తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. న్యూజెర్సీలోని న్యూఅర్క్! శుద్ధమైన పచ్చిపాల ఉద్యమానికి పుట్టినిల్లు అయిన రాష్ట్రం నుండే మేము పచ్చిపాల కోసం పొరుగు రాష్ట్రానికి పరుగెత్తాము.

తిరుగు ప్రయాణంలో వంతెన దాటుతున్నప్పుడు దొంగసొత్తు తెస్తున్నట్టు నాకు కాస్త బెరుకుగానే ఉంది. సొంతానికి కొనుక్కొని తీసుకువెళ్ళే మనుషుల జోలికి తాము పోలేదనీ, పోబోమనీ కేంద్ర ఆహార ఔషధ సంస్థ స్పష్టం చేసింది 2011లో. అమ్మకు ఆ బెరుకేమీ లేదు. సీసాలు ఒళ్ళో పెట్టుకొని, మాట్లాడకుండా కూర్చుంది. చాలాసేపటికి తనంతట తానే చెప్పింది.

"మీ చిన్నమామయ్యకు గుమ్మపాలంటే ప్రాణం. పొదుగు దగ్గరే గ్లాసు పట్టుకొని కూర్చునేవాడు. వాడికి పన్నెండో యేట జ్వరం పట్టుకుంది. వచ్చేది, పోయేది. ఏడాదిపాటు అలాగే. తగ్గింది కాని నడుము నిలవలేదు. అప్పటినుంచి మా అమ్మ గుమ్మపాలు ఎవర్నీ ముట్టనివ్వలేదు."

మామయ్య వంగి నడవడం నేను చూశాను, కాని కారణం ఎన్నడూ అడగలేదు. వచ్చి పోయే జ్వరం, కీళ్ళు, వెన్ను పట్టివేయడం బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి లక్షణాలని తరువాత చదివాను. పశువులను ఈసుకుపోయేలా చేసే క్రిమీ, మనుషులకు ఈ జ్వరం తెచ్చే క్రిమీ దగ్గరి చుట్టాలని 1917లో ఆలిస్ ఈవాన్స్ అనే శాస్త్రజ్ఞురాలు నిరూపించి, పాలు కాచి తాగాలని హెచ్చరించింది. పరిశోధనాలయంలో పనిచేసిన ఒక స్త్రీ మాటను తోటి శాస్త్రజ్ఞులు కొంతకాలం కొట్టిపారేశారు. 1922లో ఆ జబ్బు ఆమెకే సోకి ఏళ్ళ తరబడి బాధించింది. మామయ్యకు వచ్చినది అదేనని నేను అనను. పరీక్ష చేసినవారు లేరు. మా అమ్మమ్మకు బ్రూసెల్లా పేరు తెలియదు. ఆమె చేసిన పని మాత్రం ఈవాన్స్ చెప్పిన పనే.

మన ఇళ్ళలో పచ్చిపాలు కొనడమే కాని తాగడం లేదని నేను అప్పటివరకు అనుకొనేవాణ్ణి. అది పూర్తిగా నిజం కాదు. గుమ్మపాలు అన్న మాటే అందుకు సాక్షి. అయినా పాల విషయంలో మన ఇంటి ప్రధానమైన పని కాచడమే. దాలిలో పిడకల సెగ మీద కుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా మరిగి, మీగడ అట్టులా కట్టేది. కొత్త ఇంట్లో మొట్టమొదట పాలు పొంగిస్తాము. ఫ్రిజ్ లేని వేడిదేశంలో, తెల్లారి పిండిన పాలు మధ్యాహ్నానికి విరగకుండా ఉండాలంటే వేరే దారి లేదు. పాశ్చరీకరణకు 63 డిగ్రీల వద్ద అరగంట, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు చాలు. పొంగు వచ్చిన పాలు ఆ హద్దును ఎప్పుడో దాటిపోతాయి. అమెరికాలో ఆ పని ఇంటినుండి కర్మాగారానికి వెళ్ళింది, దాంతో వాదమంతా రెండు పక్షాలుగా చీలింది: కర్మాగారం కాచిన పాలా, ఎవరూ కాచని పాలా? ఇల్లాలు కాచే పాలు అనే మూడో పక్షాన్ని రెండువైపులవారూ మరచిపోయారు.

మీగడ సంగతి కూడా అప్పుడే తేలింది. మీగడను మాయం చేసింది పాశ్చరీకరణ కాదు. కొవ్వు పైకి తేలకుండా ఒత్తిడితో చిన్నచిన్న కణాలుగా చితకగొట్టే మరో ప్రక్రియ, హోమోజెనైజేషన్. పాశ్చరీకరించి, చితకగొట్టకుండా వదిలిన పాలు కూడా కొన్ని అంగళ్ళలో చట్టబద్ధంగానే దొరుకుతాయి. నది దాటకుండానే అమ్మ కోరిక తీరేది!

ఆ రోజు అక్కడ నాటుగా కనిపించే గుడ్లు కూడా ఒక డజను కొన్నాము. గడ్డిపరకలు అంటుకొని ఉన్నాయి. గుడ్ల విషయంలో చట్టం పాలంత కఠినం కాదు. ఇక్కడి అంగడి గుడ్లను కడుగుతారు, దానివల్ల పెంకు మీది సహజమైన పూత పోతుంది కనుక చల్లగా దాచక తప్పదు. కాని కొన్నిసార్లు సాల్మొనెల్లా క్రిమి కోడి కడుపులోనే గుడ్డు లోపలికి చేరుతుంది. ఎంత కడిగినా అది పోదు, ఉడికిస్తేనే పోతుంది. 2010లో అయోవా రాష్ట్రపు పెద్ద కోళ్ళ పరిశ్రమల నుండి వెళ్ళిన 50 కోట్లకు పైగా గుడ్లను వెనక్కి పిలవవలసివచ్చింది. కనుక చిన్న రైతు అనగానే ప్రమాదమనీ, పెద్ద పరిశ్రమ అనగానే క్షేమమనీ అనుకోవడం పొరపాటు. దానికి తిరగేసిన మాట కూడా అంతే పొరపాటు.

అమ్మకు తీరని కోరిక ఒకటి మిగిలింది, జున్ను. "ఈనిన ఆవు ఉందేమో అడుగు" అంది. ఆవిడ నవ్వి, మొదటిపాలు దూడకే చెల్లుతాయనీ, మిగిలినవి వేరే దూడల కోసం గడ్డకట్టించి దాస్తామనీ చెప్పింది. అమెరికా చట్టంలో పాలకు ఇచ్చిన నిర్వచనమే "ముర్రుపాలు దాదాపుగా లేనివి" అని ఉంటుంది. అంటే చట్టం లెక్కలో జున్నుపాలు పాలే కావు. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే కాలిఫోర్నియాలో పచ్చిపాలు, పచ్చి ముర్రుపాలు తాగిన పిల్లల్లో ఇ.కోలై జబ్బు బయటపడింది. ఆరుగురు పిల్లలు. ఇద్దరికి మూత్రపిండాలు దెబ్బతినేదాకా వెళ్ళింది. అదే ముర్రుపాలను మనం బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తాము.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 2024 మార్చిలో అమెరికా పాడి ఆవులలో పక్షిజ్వరపు వైరస్ కనిపించింది. పచ్చిపాలు తాగిన పిల్లులు చనిపోయాయి. ఆ నవంబరులో కాలిఫోర్నియా అంగళ్ళలో ఉన్న పచ్చిపాలలోనూ వైరస్ కనిపించడంతో వాటిని వెనక్కి తీసుకొన్నారు. పాశ్చరీకరణ దాన్ని నిర్వీర్యం చేస్తుందని పరీక్షలు తేల్చాయి.

ఆ శనివారం సాయంత్రం అమ్మ పాలను రెండు పొంగులు రానిచ్చి, సన్నని సెగ మీద ఎర్రగా కాచింది. మా ఆవిడకు ఒక గ్లాసు అందించింది. మా ఆవిడ ఫ్రిజ్ మీది కాగితం వైపు చూసింది. ఇల్లు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. అమ్మ గ్లాసు వెనక్కి తీసుకొని, "పోనీలే అమ్మా, నీకు డబ్బాపాలే కాచి ఇస్తాను. భయం పెట్టుకొని తాగితే ఏ పాలూ వంటికి పట్టవు" అంది. నెగ్గాలని అనుకోని ఆ మాటకు నేను ఈనాటికీ ఆమెకు ఋణపడి ఉన్నాను.

రెండేళ్ళకు మేము సొంత ఇంట్లో చేరాము. అమ్మ మళ్ళీ వచ్చింది. గృహప్రవేశానికి గాలను డబ్బా పాలే పొయ్యి మీద పెట్టింది. కర్మాగారం ఒకసారి కాచి పంపిన పాలు మా ఇంట్లో రెండోసారి పొంగాయి.

మీ ఇళ్ళలో గుమ్మపాలు తాగినవారు ఉన్నారా? వద్దని వారించిన అమ్మమ్మలు ఉన్నారా? వారు ఏ కారణం చెప్పేవారో తెలిసినవారు రాయగలరు.