ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక్క వైరు

మధ్యాహ్న భోజనం అయింది. కంచాలు కడిగిన తడి చేతులు బట్టలకు తుడుచుకుంటూ ఐదో తరగతి పిల్లలు నేల మీద జట్లుగా కూర్చుంటున్నారు. చెప్పులు బయట విడిచి మీరూ గోడవార చోటు చూసుకోండి. బోర్డు మీద బొమ్మేమీ లేదు. టీచరు కావాలనే గీయలేదు.

జట్టుకు ముగ్గురు. ఒక్కో జట్టు ముందూ ఆవిడ మూడే వస్తువులు పెడుతోంది: ఒకటిన్నర వోల్టుల టార్చి సెల్లు, చిన్న టార్చి బల్బు, రెండు చివర్లా తొడుగు ఒలిచిన జానెడు రాగి వైరు. హోల్డరు లేదు, టేపు లేదు. "వెలిగించండి నాన్నా" అని పక్కకు జరిగింది.

ఇప్పుడు టార్చీలన్నీ ఎల్‌ఈడీలే కాబట్టి ఈ పాతకాలపు బల్బులు వెతికి తేవలసిందే. తెల్ల ఎల్‌ఈడీకి మూడు వోల్టుల దాకా కావాలి, ఒక్క సెల్లుతో వెలగదు. పైగా కరెంటును ఒక వైపు నుంచే పోనిస్తుంది. ఈ బల్బులోనైతే టంగ్‌స్టన్ తీగ కంటికి కనిపిస్తుంది. దాని రెండు కొసలూ ఎక్కడికి పోతున్నాయో గాజులోంచి చూసి వెతుక్కోవచ్చు. పాఠమంతా ఆ రెండు కొసల్లోనే ఉంది.

మీకు దగ్గరగా ఉన్న జట్టును చూడండి. రెండు జడల పిల్ల సెల్లు బొడిపెకు వైరు ఆనించి, రెండో కొసను బల్బు అడుగున పెట్టింది. వెలగలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. "బల్బు పోయింది టీచర్!" టీచరు ఆ బల్బు తీసుకుని, ఎలా కలిపిందో పిల్లలకు కనిపించకుండా అటు తిరిగి వెలిగించి, వెలుగు మాత్రం చూపించి, మళ్లీ చేతిలో పెట్టేసింది. పోలేదన్నమాట. ఇక తప్పించుకునే దారి లేదు.

కిటికీ దగ్గర కుర్రాడు వైరును సెల్లు పైనుంచి కిందికి నేరుగా కలిపేశాడు. "కాలుతోంది టీచర్!" "వదిలెయ్ రా, వెంటనే వదిలెయ్." అందరినీ ఆగమని, ఆవిడ గోడకున్న ప్లగ్గు వైపు చూపించింది. "ఇందులో ఒకటిన్నర వోల్టులే కాబట్టి చెయ్యి చురుక్కుమంది. అందులో 230 ఉంటాయి, దీనికి నూట యాభై రెట్ల పైన. అక్కడ ఇలాంటివి ఎప్పుడూ, ఎవ్వరూ చెయ్యకూడదు." ఆ మాట అంటున్నప్పుడు గొంతులో లాలింపు లేదు. ఉండకూడదు కూడా.

పది నిమిషాలు దాటింది. చెప్పేయాలని మీకు నోరు దురద పెడుతోంది కదూ? ఆగండి. 1997లో అమెరికాలో వచ్చిన 'మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్' డాక్యుమెంటరీలో, ఎంఐటీ పట్టాలు పుచ్చుకుంటున్న యువతీయువకులకు ఇదే పని ఇచ్చారు: సెల్లు, బల్బు, వైరు. తడబడినవాళ్లున్నారు. సూత్రాలు రాని వాళ్లా వాళ్లు? బల్బును ఎవరూ ఇలా చేతికిచ్చి వదిలేసి ఉండరు, అంతే. ఈ పిల్లలకు ఆ కరువు రాకూడదనే టీచరు నోరు మెదపకుండా నిలబడింది.

రెండు జడల పిల్ల ఇప్పుడు బల్బును కంటి దగ్గర పెట్టుకుని చూస్తోంది. తీగ ఒక కొస అడుగున సీసం చుక్కలోకి పోతోంది, రెండోది పక్కనున్న లోహపు అంచులోకి. నెమ్మదిగా బల్బు అడుగును సెల్లు బొడిపె మీద నిలబెట్టింది. వైరును సెల్లు కింద అదిమి, పై కొసను బల్బు పక్కన తాకించింది.

"వచ్చింది!"

మిగతా జట్లన్నీ ఆ పిల్ల మీద పడ్డాయి. చూసి నేర్చుకోవడం కాపీ కాదు, టీచరు అడ్డుపడలేదు. కాసేపటికి గదినిండా పసుపుపచ్చ చుక్కలు.

"మరి మా ఫ్యానుకు ఒకటే వైరు ఉంది కదా టీచర్?" వెనకనుంచి ప్రశ్న. ఇంతసేపూ వాళ్లను ఒక్క తీగతో తిప్పలు పెట్టిన అనుమానం ఇదే. టీచరు సంచిలోంచి పనికిరాని ఇస్త్రీపెట్టె వైరు ముక్క తీసి, బ్లేడుతో పై తొడుగు నిలువునా కోసింది. లోపల విడివిడిగా రంగు తొడుగుల వైర్లు. ఒకటి కరెంటు వెళ్లడానికి, ఒకటి తిరిగి రావడానికి. పచ్చరంగుది ప్రమాదం జరిగితే కాపాడడానికి. పిల్లలు వాటిని చేతుల్లోకి తీసుకుని లెక్కపెడుతున్నారు.

తర్వాత రెండు సెల్లులు, రెండు ఒకేరకం బల్బులు, అన్నీ ఒకే వరసలో. ముందు పందెం: ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? "మొదటిదే. కరెంటు అదే ముందు తాగేస్తుంది" అని ఎక్కువ చేతులు లేచాయి. కలిపారు. రెండూ సమానంగా వెలిగాయి. సెల్లుల్ని తిరగేసి కలిపారు. మళ్లీ సమానమే. ఓడిపోయిన చేతులు కిందికి దిగట్లేదు, కారణం కావాలంటున్నాయి.

అప్పుడు తీసింది చేంతాడు. రెండు కొసలూ ముడేసి, పిల్లలందరినీ వలయంగా నిలబెట్టి, గుప్పిళ్లు వదులుగా పట్టమంది. తను సెల్లయి తాడును లాగుతోంది. అందరి చేతుల్లోనూ తాడు ఒక్కసారే కదిలింది. "నువ్వు బల్బువి, కాస్త బిగించి పట్టు." ఆ పిల్లాడి అరచెయ్యి వేడెక్కింది, తాడు అందరి దగ్గరా నెమ్మదించింది. "ఇంతకీ తాడు ఏమైనా తరిగిందా?" తరగలేదు. లాగడానికి శ్రమపడింది మాత్రం టీచరు. సెల్లు అరిగిపోయేది అందుకే.

బడి వదిలే వేళయింది. రెండు వైర్ల మధ్య పిన్నీసు పెట్టి స్విచ్చి చేసిన జట్టులో తగువు మొదలైంది. స్విచ్చి బల్బుకు ముందే ఉండాలని ఒకడు. లేకపోతే కరెంటు అప్పటికే బల్బులోకి వచ్చేస్తుందట. టీచరు తీర్పు చెప్పలేదు. బల్బు దాటాక పెట్టి చూశారు. పిన్నీసు ఎత్తగానే బల్బు ఆరిపోయింది.

"ఎందుకని?" అంది టీచరు.

రెండు జడల పిల్ల సంచి భుజాన వేసుకుంటూనే చెప్పింది: "తాడు ఎవరు గట్టిగా పట్టేసినా అందరి దగ్గరా ఆగిపోతుందిగా టీచర్!"