గుర్తేడు బందీ అడిగిన ప్రశ్నలు

కొల్లేరు లంకల్లో ఒక పాత కథ చెప్పుకుంటారు. లాంగుల గజపతి రాజు కొల్లేటికోటలో కోట కట్టుకుని ఉన్నాడు. శత్రువు వచ్చి ఒడ్డున చిగురుకోట దగ్గర దిగాడు. చుట్టూ నీళ్ళున్నంత కాలం కోట దొరకదు కదా, అందుకని సరస్సు నీళ్ళని సముద్రంలోకి లాగేద్దామని ఉప్పుటేరు తవ్వడం మొదలుపెట్టాడు. లోపలున్న ఒరియా సేనానికి ఇక దారి తోచలేదు. దేవతలు కరుణిస్తారని కన్నకూతుర్ని బలిచ్చాడట. ఆ కాలవకి పేరంటాల కనమ అన్న పేరు అలా వచ్చిందంటారు.

అది చరిత్రా, కట్టుకథా అన్న చర్చ పక్కన పెడదాం. నా సందేహం వేరే. ఆ పిల్ల ఏమంది? "నన్ను చంపితే అక్కడ తవ్వేవాళ్ళు ఎందుకు ఆగుతారు నాన్నా?" అని అడిగిందా? కథలో ఆ పిల్లకి ఒక్క మాట కూడా లేదు. గత్యంతరం లేనివాడు వేసే ఎత్తుగడలో పణంగా పెట్టిన మనిషికి సాధారణంగా నోరుండదు.

నోరున్న మనిషిని పణంగా పెట్టిన సంఘటన ఒకటి గోదావరి అవతల జరిగింది. మరీ పాతదేం కాదు, 1987లో. అయినా నా ఈడు వాళ్ళని అడిగితే పదిమందిలో తొమ్మిదిమందికి తెలియదు. మనకి కిడ్నాప్ అంటే సినిమాలే గుర్తొస్తాయి :)

1987 డిసెంబర్ 27న అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలో, గుర్తేడు దగ్గర, గిరిజన సంక్షేమం పని మీద వెళ్ళిన ఐఏఎస్ అధికారుల్ని పీపుల్స్ వార్ దళం పట్టుకుంది. జైల్లో ఉన్న మా వాళ్ళని వదిలితే వీళ్ళని వదుల్తాం అన్నది షరతు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. ప్రభుత్వం ఒప్పుకుని ఖైదీల్ని వదిలింది, అధికారులు క్షేమంగా బయటికొచ్చారు. వార్తగా అయితే అక్కడితో అయిపోయింది.

ఆ బందీల్లో ఒకాయన ఎస్.ఆర్. శంకరన్. ఆయనెవరో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు.

తమిళుడు, 1934లో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్. పెళ్ళి చేసుకోలేదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక మిగతా అధికారులు సర్క్యులర్లు పంపి ఊరుకుంటే, ఈయన సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శి హోదాలో ఊళ్ళు తిరిగి, పాలేర్లని కూర్చోబెట్టి "ఇవాళ్టి నుంచి మీ అప్పు చెల్లదు, మీరు స్వతంత్రులు" అని చెప్పారు. ఒక సెక్రటరీ స్థాయి మనిషి దొర ఊళ్ళోకే వచ్చి ఆ మాట చెప్తే దొరకి ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా ఈ తిరుగుళ్ళు నచ్చక గొడవైంది. శంకరన్ గారు సెలవు మీద వెళ్ళిపోయారు. తర్వాత త్రిపురలో నృపేన్ చక్రవర్తి ప్రభుత్వానికి చీఫ్ సెక్రటరీ. ఆయనా బ్రహ్మచారే, ఈయనా బ్రహ్మచారే, ఇద్దరికీ ఆస్తుల గోల లేదు. రిటైరయ్యాక పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు.

అంటే పీపుల్స్ వార్ దళం ఎవరిని పట్టుకుందో చూడండి. ఎవరి కోసం పోరాడుతున్నామని వాళ్ళు చెప్పుకున్నారో, ఆ జనం కోసం చట్టం లోపలుండి ఇరవై ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషిని. ఆయన వెళ్ళింది కూడా ఆ పని మీదే.

ఇక్కడ "నక్సలైట్లు దుర్మార్గులు" అనేసి ముగించడం తేలిక. కానీ వాళ్ళ లెక్క వాళ్ళకుంది, అది తెలివితక్కువ లెక్క కాదు. ఆ రోజుల్లో పట్టుబడినవాడు ఎన్‌కౌంటర్‌లో పోతాడా కోర్టుకి వస్తాడా అన్నది పోలీసుల చేతిలో ఉండేది. చట్టం కాపాడదని తేలిపోయినవాడికి, అవతలివాళ్ళ మనిషి తన చేతిలో ఉండటం ఒక్కటే బీమా. పైగా అడవిలో గిరిజనుడు చచ్చిపోతే కదలని ప్రభుత్వం ఐఏఎస్ ఆఫీసరు కనపడకపోతే కదులుతుందని పందెం కాశారు. పందెం గెలిచారు కూడా!

అయితే ఇలాంటి కిటుకు ఒకసారి పనిచేశాక అవతలివాళ్ళు చూస్తూ కూర్చోరు. మన భాషలో చెప్పాలంటే లూప్‌హోల్ దొరికింది, వాడుకున్నారు, అవతల ప్యాచ్ వచ్చింది. 1989లో కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్ దళాన్ని తయారుచేశారు. అదే సంవత్సరం బాలగోపాల్ గారిని ఎవరో ఎత్తుకుపోయారు. ఆయన లెక్కల్లో డాక్టరేట్ చేసి కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, పౌరహక్కుల పనిలోకి వచ్చిన మనిషి. ఎత్తుకుపోయినవాళ్ళు పెట్టుకున్న పేరు ప్రజాబంధు. పోలీసుల మనుషులేనని అప్పట్లో అనుమానం. గుర్తేడులో ఎవరు మొదలుపెట్టారో ఆ పద్ధతినే అవతలివాళ్ళూ నేర్చుకున్నారన్నమాట. ఎత్తుగడని కనిపెట్టినవాడికి దాని మీద పేటెంటేమీ ఉండదు కదా. తర్వాత 1993లో విశాఖ ఏజెన్సీలో ఎమ్మెల్యే బాలరాజునీ, ఒక ఐఏఎస్ అధికారినీ పట్టుకుని మళ్ళీ మార్పిడి అడిగారు. అప్పటికే ఇది ఆనవాయితీ అయిపోయింది.

మరి దీని ఖర్చు ఎవరు కట్టారు? లోపలి గూడేల దాకా పోలీసుల్లేకుండా వెళ్ళే అధికారులు మొదటే తక్కువ. గుర్తేడు తర్వాత అలా వెళ్ళడానికి ఎంతమందికి ధైర్యముంటుంది? రానివాడికి మంచి సాకు దొరికింది, వచ్చేవాడికి బెదురు పుట్టింది. నష్టం గూడేనికి. ఇది నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే వాదించడానికి రెడీ.

సరే, శంకరన్ గారి దగ్గరికొద్దాం. అడవిలో ఉన్న ఆ కొద్ది రోజుల్లో ఆయన దళంతో ఏం మాట్లాడారన్నది నా దృష్టిలో అంత ముఖ్యం కాదు. తుపాకీ ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడిన మాటకి విలువ కట్టడం కష్టం. భయంతో ఒప్పుకున్నాడనొచ్చు, తెగింపుతో ఎదిరించాడనొచ్చు. అసలు విశేషం పదేళ్ళ తర్వాత జరిగింది.

1997లో హైదరాబాద్‌లో పౌర స్పందన వేదిక (కన్సర్న్డ్ సిటిజన్స్ కమిటీ) మొదలైంది. శంకరన్ గారు కన్వీనర్. కన్నబిరాన్, హరగోపాల్, జయశంకర్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు లాంటి పెద్దలు అందులో ఉన్నారు. వీళ్ళ పని ఒక్కటే. ఇటు ప్రభుత్వాన్నీ అటు పీపుల్స్ వార్‌నీ కూర్చోబెట్టి ప్రశ్నలడగటం. ఊళ్ళు తిరిగారు, చనిపోయినవాళ్ళ ఇళ్ళకెళ్ళారు. పోలీసులు చంపినవాళ్ళ ఇళ్ళకీ, నక్సలైట్లు చంపినవాళ్ళ ఇళ్ళకీ కూడా. తర్వాత రెండు పక్షాలకీ ఉత్తరాలు రాశారు. పార్టీ జవాబులు రాసింది, వీళ్ళు మళ్ళీ రాశారు.

ఒకప్పుడు తనని బందీగా పట్టుకున్నవాళ్ళకి పదేళ్ళ తర్వాత ఉత్తరం రాసి "మీ పద్ధతి మీ ఆశయానికి ఎలా దారి తీస్తుందో చెప్పండి" అని అడగటం! ఆ ఉత్తరాల్లో పగ లేదు, అలాగని మొహమాటమూ లేదు.

వాళ్ళ వాదన సారం నాకు అర్థమైనంతలో చెప్తా. ఇన్‌ఫార్మర్ అని ఒకణ్ణి చంపుతున్నారు, అతని మాట విన్నదెవరు? విచారణ లేకుండా చంపితే పోలీసు ఎన్‌కౌంటర్‌కీ దీనికీ తేడా ఎక్కడ? బస్సులు తగలబెట్టారు, 1990 అక్టోబర్‌లో చర్లపల్లి దగ్గర కాకతీయ ఫాస్ట్ ప్యాసింజర్‌కి నిప్పుపెడితే నలభై మందికి పైగా చనిపోయారు. ఆ రైల్లో ఉన్నవాళ్ళు ఏ వర్గ శత్రువులు? 1990లో వరంగల్ రైతుకూలీ సంఘం సభకి లక్షల్లో జనం వచ్చారు. ఆ తర్వాత దళాలు మిగిలాయి, జనం వెనక్కి పోయారు. ఆయుధం ముందుకొచ్చే కొద్దీ జనం నోరు మూతపడుతోంది. ఇది మీరు కోరుకున్న సమాజమేనా?

ప్రభుత్వాన్ని అడిగింది ఇంకా గట్టిగా అడిగారు. చట్టం మీ చేతిలో ఉంది, కాబట్టి చట్టం మిమ్మల్ని ముందు కట్టేయాలి. అవతలివాడు తప్పాడు కాబట్టి మేమూ తప్పుతాం అంటే రాజ్యాంగం దేనికి?

రెండు వైపుల నుంచీ వచ్చిన జవాబు దాదాపు ఒకటే: ముందు వాళ్ళని ఆపమనండి. ఇంజనీరింగ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి దీని పేరు తెలుసు. ఒకడి చేతిలో ఉన్నది ఇంకొకడికి కావాలి, ఎవడూ వదలడు. డెడ్‌లాక్. సిస్టమ్‌లో అయితే ఒక ప్రాసెస్‌ని చంపేసి ముడి విప్పుతాం. ఇక్కడ జరిగేదీ అదే, కాకపోతే ప్రతిసారీ చచ్చిపోయేది మూడోవాడు. ఆ మూడోవాడి తరఫున మాట్లాడటమే వేదిక పని. అందుకే పోలీసు వర్గాలకి వీళ్ళు నక్సలైట్ సానుభూతిపరుల్లా, అటు విప్లవాభిమానుల్లో కొందరికి రాజ్యం మనుషుల్లా కనిపించారు. బాలగోపాల్ గారు కూడా విప్లవ హింస మీద ఇలాంటి ప్రశ్నలే అడిగి 1998లో పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు. ఒకప్పుడు బందీలైన ఇద్దరూ, ఒకరు ఇటు చేతిలో, ఒకరు అటు చేతిలో, చివరికి దాదాపు ఒకే చోటికి వచ్చారు.

2002లో చర్చలు ఒకసారి దగ్గరికొచ్చి ఆగిపోయాయి. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో చంద్రబాబు గారి మీద దాడి. 2004లో ప్రభుత్వం మారింది, జూలైలో పార్టీ మీద నిషేధం గడువు తీరితే పొడిగించలేదు. అక్టోబర్‌లో రామకృష్ణ నల్లమల నుంచి బయటికొచ్చాడు. అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో హోంమంత్రి జానారెడ్డి నాయకత్వంలో ప్రభుత్వం ఒకవైపు, మావోయిస్టులు, జనశక్తి ఇంకోవైపు కూర్చున్నారు. మధ్యవర్తుల్లో శంకరన్ గారున్నారు. గుర్తేడులో ఆయన్ని బేరానికి పెట్టిన పార్టీ, ఆయన కోసం బేరమాడిన ప్రభుత్వం, మధ్యలో ఆయన.

నిలబడలేదు. దళాలు ఊళ్ళలోకి ఆయుధాలతో రావచ్చా అన్న దగ్గరే పీటముడి పడింది. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మళ్ళీ మొదలయ్యాయి, మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని కాల్చి చంపారు, రెండు రోజుల్లో నిషేధం వచ్చింది. వాదన ఓడిపోయిందని అప్పుడందరూ అన్నారు.

ఓడిందా? 2011 ఫిబ్రవరి 16న మల్కన్‌గిరి కలెక్టర్ ఆర్. వినీల్ కృష్ణని మావోయిస్టులు పట్టుకున్నారు. తెలుగువాడు, ఐఐటీ మద్రాస్‌లో ఇంజనీరింగ్ చదివినవాడు. మళ్ళీ అదే పథకం. మధ్యవర్తుల్లో మళ్ళీ హరగోపాల్ గారు. ఈసారి ఒక తేడా ఉంది: కలెక్టర్ని వదలమని గిరిజనులే రోడ్డెక్కారు. ఎవరి పేరు మీద పట్టుకున్నారో వాళ్ళే వచ్చి వద్దంటుంటే బీమా లెక్క ఎక్కడ నిలుస్తుంది? ఎనిమిది రోజుల్లో ఆయన బయటికొచ్చారు.

శంకరన్ గారు అది చూడలేదు. 2010 అక్టోబర్ 7న పోయారు. బాలగోపాల్ గారు అంతకు ముందు ఏడాది అక్టోబర్ 8న.

2025లో పార్టీ లోపలి నుంచే ఆ ప్రశ్న లేచింది. కేంద్ర నాయకుల్లో ఒకడైన మల్లోజుల వేణుగోపాల్, సాయుధ పోరాటం ఆపాలని ఉత్తరం రాసి, అక్టోబర్‌లో గడ్చిరోలిలో అరవై మందితో ఆయుధాలు అప్పగించాడు. దాదాపు పాతికేళ్ళ ముందు వేదిక ఉత్తరాల్లో ఉన్న ప్రశ్నే అది. అడిగిన నాటికీ ఒప్పుకున్న నాటికీ మధ్య ఎన్ని శవాలు! నవంబర్ 18న హిడ్మా చనిపోయింది మారేడుమిల్లి అడవుల్లో. గుర్తేడు ఉన్న ఏజెన్సీయే అది కూడా.

2004 చర్చల్లో భూమి అంశం ఉంది. దాని తర్వాత ప్రభుత్వం కోనేరు రంగారావు కమిటీ వేసింది, కమిటీ 104 సిఫార్సులు ఇచ్చింది. గిరిజనుల భూమి పరాయి చేతుల్లోకి పోవడం మీద కూడా అందులో ఉంది. తాడేపల్లిగూడెం నుంచి బయల్దేరి నల్లజర్ల, కొయ్యలగూడెం దాటి బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు వెళ్ళి 1/70 చట్టం సంగతి ఎవరినైనా అడగండి. అది ఒక గంటలో తేలే మాట కాదు. టీ తాగుతూ చెప్తారు.