తల్లి కూర్చున్న చోటు



ఫిబ్రవరి నెల వచ్చిందంటే మా గుణదల వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. పదకొండో తేదీ మేరీమాత పండుగ. 1924లో ఆర్లాటి అనే ఇటలీ దేశపు ఫాదరీ ఇక్కడ ప్రతిష్ఠించిన ఆ తల్లికి మన ఆడవాళ్లు కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. నీ మతమేమిటని అడిగేవారుండరు. ఒక ఏడు పండుగకి మెట్ల మీద అలసి కూర్చుంటే పక్కనే ఒక పెద్దావిడ కొండకేసి చూస్తూ, "మావాడు అమెరికా వెళ్లి ఆరేళ్లయిందమ్మా. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నదే లేదు" అంది. కళ్లు తుడుచుకుంది.

ఆ మాటతో నాకు ఇక్కడికి డెబ్బై కిలోమీటర్ల దూరంలోని బందరు గుర్తొచ్చింది. రెండువందల ఏళ్లకు పూర్వం అక్కడ కొంతకాలం తలదాచుకున్న ఒక హైదరాబాదు బేగం గుర్తొచ్చింది. ఆమె పేరు ఖైరున్నీసా.

ఖైరున్నీసాది పర్షియా నుంచి వచ్చిన సయ్యదుల వంశం. తండ్రి లేడు. తాత బాకర్ అలీ ఖాన్ నిజాం కొలువులో ఉన్నవాడు. తల్లి షరఫున్నీసా చిన్న వయసులోనే వితంతువైంది. తాతగారు సాటి నవాబుల ఇంట్లో ఈ పిల్లకి సంబంధం ఖాయం చేశాడు. అంతలో అక్క పెళ్లిలో పరదా చాటు నుంచి ఖైరున్నీసా ఒక మనిషిని చూసింది. ఆయన ఈస్టిండియా కంపెనీ తరఫున హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న జేమ్స్ ఎకిలీజ్ కిర్క్‌పాట్రిక్. పార్శీ, హిందూస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో హైదరాబాదు దుస్తులే వేసుకునేవాడు. నిజాం ఆయనకి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు.

అప్పటికి ఆ పిల్లకి పధ్నాలుగేళ్లుంటాయి, ఆయనకి ముప్ఫైనాలుగు దాటాయి. ఈనాటి మన కళ్లకి అది పెళ్లి వయసే కాదు, ఆ సంగతి దాచిపెట్టి కథ చెప్పడం తప్పు. తాను ఎంతగానో నచ్చజెప్పి చూశాననీ, ఆమే పట్టు వదల్లేదనీ కిర్క్‌పాట్రిక్ తన అన్నగారికి రాసుకున్నాడు. అది ఆయన చెప్పిన మాట. ఖైరున్నీసా గురించి మనకు తెలిసిందంతా చాలామటుకు ఇలా మగవాళ్లు రాసుకున్న ఉత్తరాల వల్లే.

ఒక్కటి మాత్రం నిజం. తాత కుదిర్చిన సంబంధం ఆమె చేసుకోలేదు. తల్లి, అమ్మమ్మ ఆమె పక్షాన నిలబడ్డారు. పరదా లోపలి ఆడవాళ్లు మువ్వురూ ఒకటైతే బయటి మగవాళ్ల మాట చెల్లలేదు. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం మతం పుచ్చుకుని నిఖా చేసుకున్నాడు. ఊరు గుప్పుమంది. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ మండిపడి విచారణ జరిపించాడు. అయినా కాపురం నిలిచింది. 1801లో కొడుకు పుట్టాడు, 1802లో కూతురు. కొడుకుని సాహెబ్ ఆలం అనీ, కూతుర్ని సాహెబ్ బేగం అనీ పిలుచుకున్నారు. మూసీ ఒడ్డున కిర్క్‌పాట్రిక్ కొత్త రెసిడెన్సీ భవనం కట్టించాడు. దాని వెనక భార్య కోసం రంగమహల్ అనే జనానా కట్టించాడు. ఘోషాలో ఉన్న బేగం ముందువైపుకి రాకూడదు గనక ఆ మేడ నమూనా ఒకటి చిన్నది చేయించి తోటలో పెట్టించాడని చెప్పుకుంటారు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. ప్రేమ, పెద్దల మాట రెంటి మధ్యా ఒక పిల్ల ప్రేమనే ఎంచుకుంది, గెలిచింది అని మనం లేచి ఇంటికి వెళ్లిపోయేవాళ్లం. నిజమైన పరీక్ష ఆ తరవాత వచ్చింది.

కంపెనీ దొరలు భారతీయ స్త్రీల వల్ల కన్న పిల్లల్ని చదువుకని ఇంగ్లండు పంపడం ఆనాటి రివాజు. ఇక్కడే పెరిగితే కంపెనీ కొలువుకి పనికిరారు, అక్కడైతే దొరబిడ్డలుగా చెలామణి అవుతారని తండ్రుల ఆలోచన. పిల్లల భవిష్యత్తు కోసం అనే మాట ముందు ఏ తల్లి నోరెత్తగలదు? 1805లో పిల్లలిద్దరినీ మద్రాసు పంపారు. వాడికి నాలుగేళ్లు, దానికి మూడేళ్లు. అక్కడ జార్జి చినరీ అనే చిత్రకారుడు వాళ్లిద్దరినీ హైదరాబాదు దుస్తుల్లోనే చిత్రించాడు. సెప్టెంబరులో ఓడ ఎక్కించారు. కొద్దివారాలకే, అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో జబ్బుతో చనిపోయాడు. ఇంగ్లండులో పిల్లలకి బాప్తిస్మం ఇచ్చి విలియం, కేథరిన్ అని పేర్లు మార్చారు. ఇరవై ఏళ్లు నిండకుండానే ఖైరున్నీసాకి ఇటు భర్తా లేడు, అటు పిల్లలూ లేరు.

1806లో తల్లిని వెంటబెట్టుకుని ఆమె కలకత్తా వెళ్లింది. భర్త సమాధి చూసుకుంది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ రస్సెల్ అక్కడ ఆమెకు చేరువయ్యాడు. ఈ కబురు హైదరాబాదు చేరింది. అప్పటికి దివానుగా ఉన్న మీర్ ఆలం ఆమె తాతకు దగ్గరి బంధువు. మా వంశం పరువు తీసిన మనిషి ఊళ్లో అడుగు పెట్టడానికి వీల్లేదన్నాడు. పుట్టిల్లు మూసుకుంది. అత్తవారి దేశం ఎటూ ఆమెది కాదు. అలా నిజాం సరిహద్దు అవతల, కంపెనీవారి చేతిలో ఉన్న బందరులో తల్లీకూతుళ్లు దిగారు.

అప్పటికి కృష్ణకి ఆనకట్ట లేదు, మన డెల్టాకి కాలువలూ లేవు. కోట, రేవు, ఉప్పుగాలి, తెలియని భాష. రస్సెల్ మీద పెట్టుకున్న ఆశా నిలవలేదు. ఆయన మద్రాసు వెళ్లి 1808లో వేరొకామెను పెళ్లాడాడు. మీర్ ఆలం పోయిన తరవాతే బేగం హైదరాబాదు చేరగలిగింది. 1813 సెప్టెంబరు 22న రంగమహల్లోనే కన్నుమూసింది. ఇరవై ఏడేళ్లుంటాయి. పిల్లల్ని మళ్లీ చూడలేదు.

అమ్మమ్మ షరఫున్నీసా మాత్రం బతికి ఉంది. కిట్టీ అని అందరూ పిలిచే కేథరిన్ పెద్దదై, పెళ్లాడి, పిల్లల్ని కన్నది. ఇంగ్లండులో ఒకనాడు రస్సెల్ ఇంటికి వెళితే గోడ మీద చినరీ వేసిన చిత్రం కనపడింది. అన్నా, తనూ! చూసి ఏడ్చేసింది. 1841లో అమ్మమ్మకీ మనవరాలికీ ఉత్తరాలు మొదలయ్యాయి. ఆమె పార్శీలో రాయిస్తుంది, ఈమె ఇంగ్లీషులో రాస్తుంది, మధ్యన తర్జుమా చేసేవాళ్లు. మూడేళ్లప్పుడు విడిపోయిన కిట్టీ తన తల్లి ఆ రోజు కూర్చున్న చోటు ఇంకా కళ్లకు కడుతోందని రాసింది. పొడుగాటి జుట్టు పీక్కుంటూ ఏడ్చిన ఏడుపు చెవుల్లో ఉందని రాసింది. ఆ జుట్టులో ఒక్క పాయ దొరికితే చాలునంది. ఆరేళ్లు ఉత్తరాలు నడిచాయి. 1847లో అమ్మమ్మ పోయింది. ఒకరినొకరు చూసుకోనేలేదు.

రంగమహల్ 1860లో కూల్చేశారు. రెసిడెన్సీ మేడ ఉంది. 1949లో కోఠీ మహిళా కళాశాల అందులోకి వచ్చింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. బేగం ముందువైపుకి రాకూడని ఇంట్లో ఆడపిల్లలు పట్టాలు పుచ్చుకుంటున్నారు.

ప్రేమా, కుటుంబమా అని మనం తూకం వేస్తాం. ఖైరున్నీసా విషయంలో ఆ త్రాసు ఆమె చేతిలో ఉన్నది ఒక్కసారే. తరవాత తాత బంధువులు, భర్త, కంపెనీ తలా ఒకచెయ్యీ వేశారు. అందరూ కర్తవ్యమనే అన్నారు. రెండు దేశాలూ ఏకమై తెంచిన దారాన్ని ముసలి అమ్మమ్మ ఉత్తరాలతో మళ్లీ ముడివేసింది.

అందుకే ఆనాడు మెట్ల మీద ఆ పెద్దావిడతో అన్నాను: "ఫోను సరే పిన్నిగారూ, మనవడికి నాలుగు ముక్కలు మీ చేత్తో రాసి పంపండి. ఇప్పుడు చదవలేకపోయినా దాచుకుంటాడు." ఆవిడ నవ్వి, "నా రాత కోడిగీతలమ్మా" అంది.

కోడిగీతలైనా ఫరవాలేదు, రాయండి. సెలవు.