ఇంక్లినేషన్, మైలాన్, మొగ్గు: దర్గా కొండ దగ్గర దొరికిన మతలబ్

మొన్న మా అమ్మాయి ఇంగ్లీష్ పుస్తకం పట్టుకొచ్చి, "అబ్బూ, ఇంక్లినేషన్ అంటే ఏంటి?" అంది. "మనసు ఒకవైపు వాలడం బేటీ" అన్నాను. "అంటే తప్పు కదా?" అంది. ఆ సవాల్‌కి నా దగ్గర వెంటనే జవాబ్ లేదు.

లాటిన్‌లో ఈ లఫ్జ్‌కు అసలు అర్థం వంగడం, వాలడం. ఇంగ్లీషులో గోడ వాలినా, దిల్ వాలినా ఇదే మాట. ఉర్దూ మీడియంలో మాకు మైలాన్, రుజ్హాన్ అని నేర్పారు. మైలాన్ అంటే అచ్చంగా వాలడమే. రుజ్హాన్ వెనక తరాజూ ఉంది, ఒక పళ్లెం బరువెక్కి కిందికి దిగడం. ఓట్ల లెక్కింపు రోజు ఉర్దూ అఖ్బార్లు ట్రెండ్స్‌ను 'రుజ్హానాత్' అని రాసేది అందుకే. డిగ్రీలో తెలుగు చదివాక చూస్తే మన 'మొగ్గు' కూడా త్రాసు మాటే! రెండు జబాన్లూ ఒకే దుకాణంలో తూకం వేసినట్టున్నాయి.

మన ఖాందాన్లలో హనీఫ్ అనే పేరు ఎంత మామూలో చెప్పక్కర్లేదు. దాని మూలంలోనూ వాలడమే ఉందని అరబీ లుగత్‌లు చెబుతాయి. బాతిల్‌ను వదిలి హఖ్ వైపు వాలినవాడు హనీఫ్. ఇబ్రాహీం అలైహిస్సలాంను ఖురాన్ ఆ మాటతోనే పిలిచింది. అదే ఖురాన్, సూరె నిసా 129వ ఆయత్‌లో, ఒక భార్య వైపే పూర్తిగా వాలిపోయి రెండో ఆమెను గాల్లో వేలాడదీయొద్దని హెచ్చరించింది. అంటే మనసు వాలుతుందని అల్లాహ్‌కు తెలుసు. మనా చేసింది పూర్తిగా వాలిపోవడాన్ని.

మన విశాఖలో దీన్ని కొలుస్తారు కూడా. సింధియా కంపెనీ 1941లో మొదలుపెట్టిన యార్డులో, 1948 మార్చి 14న నెహ్రూ 'జల ఉష'ను నీళ్లలోకి దించారు. అదే ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డ్. కొత్త ఓడకు 'ఇంక్లైనింగ్' పరీక్ష తప్పదు. తెలిసిన బరువులను డెక్ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుపుతారు. లోలకం ఎంత కదిలిందో చూసి ఓడ గరిమనాభి ఎక్కడుందో లెక్క తేలుస్తారు. సముద్రంలో వాలని ఓడ లేదు. వాలాక లేచి నిలబడుతుందా అన్నదే అసలు మసలా.

ఇక పోర్టు పక్కనే దర్గా కొండ, హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీ దర్గా. 1869లో విశాఖపట్నం జిల్లా మాన్యువల్ రాసిన కార్మైకేల్ అనే తెల్లదొర, వచ్చీపోయే ఓడలు జెండాను మూడుసార్లు ఎత్తి దించి ఈ దర్గాకు సలాం చేసేవని రాశాడు. హిందూ ఓడ యజమానులు ప్రయాణం సలామత్‌గా ముగిస్తే వెండి దోనెలు సమర్పించేవారట. ఆయన ఒక దావా సంగతీ చెప్పాడు. దోనె ఓనర్ కోమటి, నాఖుదా ముస్లిం. బంగాళాఖాతంలో తుఫాను పట్టినప్పుడు నాఖుదా రూపాయల ముడుపు మొక్కుకుని, దాన్ని ఖర్చుల ఖాతాలో వేశాడు. ఓనర్ ఒప్పుకోలేదు. ఎందుకని? ముడుపు ఇంకా దర్గాకు చెల్లించలేదని! ముస్లిం వలీకి మొక్కడమేంటని మాత్రం ఆయన అడగలేదు.

పైసా విషయంలో ఇద్దరూ అదాలత్ దాకా వెళ్లారు. అఖీదత్ విషయంలో పేచీయే లేదు. ఎవరి మజహబ్ వాళ్లదే, అయినా మనసు పక్కవాడి వైపు అంత మొగ్గగలిగింది. ఇవాళ వాట్సాప్‌లో మనకు రోజూ కనిపించే తఅస్సుబ్ వేరే. ఆ మాట మూలంలో గట్టిగా బిగించి కట్టడం ఉంది. మైలాన్ వాలి మళ్లీ లేస్తుంది. తఅస్సుబ్ కదలనివ్వదు.

మా అమ్మాయికి ఇప్పుడు జవాబ్ చెప్పాను: "వాలడం తప్పు కాదు బేటీ. లేవలేనంతగా వాలితేనే తప్పు." వచ్చే జుమా నమాజ్ అయ్యాక తనను దర్గా కొండ ఎక్కిస్తాను, ఇన్‌షా అల్లాహ్. ఓడలు కనిపిస్తాయి.