కొల్లేటి ఒడ్డుకు చేరిన సరిహద్దు

ఏటా అక్టోబర్ 21 ఉదయం ఏలూరు పోలీసు మైదానంలో, తక్కిన జిల్లా కేంద్రాల్లో లాగే, ఆ ఏడాది విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసుల పేర్లు చదువుతారు. తలలు వంచుతారు, బిగిలు ఊదుతారు. ఆ తేదీయే ఎందుకని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. 1959లో అదే రోజున లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర గస్తీకి వెళ్లిన మన పోలీసుల మీద చైనా సైనికులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. ఆ కొండలకీ కొల్లేటికీ మధ్య దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం. అయినా పొరుగు దేశం సైన్యం గీత దాటినప్పుడల్లా ఆ కబురు ఈ సీమకు వచ్చింది. ఏ దారిన వచ్చింది, ఎవరి గుమ్మం ముందు ఆగింది అని వెనక్కి తిరిగి చూడాలనిపించింది.

ఒకప్పుడు కబురు రావలసిన పనే లేదు, సైన్యాలే వచ్చేవి. సరిహద్దు అప్పుడు మన చేలగట్ల మీదే ఉండేది. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనంలో ఓడిన రాజుల వరుసలో వేంగి హస్తివర్మ పేరుంది. ఆ వేంగే ఏలూరు పక్కనున్న నేటి పెదవేగి. తర్వాత రెండో పులకేశి వచ్చాడు. క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనంలో రవికీర్తి, కునాల సరస్సు నీళ్లు యుద్ధంలో తెగిన మనుషుల నెత్తురుతో రంగు మారాయని రాశాడు. కునాల అంటే మన కొల్లేరేనని చరిత్రకారుల మాట. గెలిచిన రాజు కొలువులో కవి చెప్పిన ముక్క అది. ఆ రోజు ఒడ్డున వల వేసుకున్నవాడు ఏమనుకున్నాడో ఏ రాయీ చెప్పదు.

జనం మాట కావాలంటే శాసనాలు వదిలి కథలు వినాలి. ఒడియా రాజుల సేనాని కొల్లేటికోటలో ఉండగా దండెత్తి వచ్చిన మహమ్మదీయ సైన్యం చిగురుకోట దగ్గర విడిది చేసిందట. చుట్టూ నీళ్లున్న కోటను పట్టడం సాధ్యంకాక, సరస్సును సముద్రంలోకి దింపెయ్యాలని ఉప్పుటేరు తవ్వించారట. నీటిమట్టం పడిపోతుంటే, దేవతను శాంతింపజెయ్యడానికి ఆ సేనాని కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. ఆ కాలవకు పేరంటాల కనమ అన్న పేరు అలా వచ్చిందంటారు. ఇది జరిగిందనడానికి రుజువు లేదు. కానీ ఈ కథ చెప్పుకున్నవాళ్లు ఆ రెండు సైన్యాల్లో ఏ సేనాని పేరూ గుర్తుంచుకోలేదు, పోయిన పిల్లనే గుర్తుంచుకున్నారు. దండయాత్రను ఆ ఇంటి గుమ్మంలోంచి చూశారు. ఆ చూపే నాకు ఈ చరిత్రంతటికీ దారి చూపించింది.

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీలు నేసే కుటుంబాలు తమ పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని చెప్పుకుంటాయి. నత్తలూ చేపలూ వరీ తప్ప మరో లోకం తెలియని చోట ఉన్ని తివాచీ వేళ్లూనుకుందంటే అది రాజ్యాల రాకపోకల పుణ్యమే. వచ్చినవాళ్లంతా కాల్చి పోలేదు, కొందరు మగ్గం వేసుకుని మనవాళ్లయిపోయారు. 1753లో సలాబత్‌జంగ్ ఏలూరు సర్కారును ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర వాళ్లను ఓడించిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు ఏలూరు మీదుగా నడిచి మరుసటి ఏడాది బందరు కోట పట్టుకున్నాడు. ఇక అక్కడి నుంచి సరిహద్దు మన ఊళ్లను వదిలి దూరం జరగడం మొదలుపెట్టింది.

మళ్లీ అది దగ్గరైంది 1942లో. మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కింది. తెలుగువాళ్లు రంగం అని పిలిచే ఆ ఊరికి పోయి నాలుగు డబ్బులు కూడబెట్టుకుందామనుకున్న తెలుగు కూలీలు అడవులూ కొండలూ దాటి కాలినడకన ఇల్లు చేరారు. చేరనివాళ్లు చాలామంది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలోనే తాడేపల్లిగూడెంలో వరిచేల మధ్య రన్‌వే వేశారు. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, ఆ పట్టీ మాత్రం ఉండిపోయింది. ఇప్పటికీ ఆ ఊళ్లో విమానాశ్రయ భూములంటే ఏ రిక్షా అబ్బాయినడిగినా చూపిస్తాడు. ఏ దేశం భయంతో వేశారో ఆ జపాను పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

1948 కథ వేరు, చెప్పడానికి ఇబ్బందిగానూ ఉంటుంది. అప్పుడు ఈ జిల్లాకు ఉత్తరాన, చింతలపూడి తాలూకా అవతల, నైజాం రాజ్యం. రజాకార్ల దౌర్జన్యానికి తట్టుకోలేక అటువైపు కుటుంబాలు ఇటువైపు ఊళ్లలో తలదాచుకున్నాయి. కృష్ణా, గోదావరి జిల్లాల కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తలు అటు సాయం పంపారు. సెప్టెంబర్ 13న భారత సైన్యం హద్దు దాటింది, ఒక దళం విజయవాడ వైపు నుంచే సూర్యాపేట మీదికి కదిలింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఇటువైపు పండగ చేసుకున్నారు, చేసుకోవలసిన కారణం ఉంది. అయితే గీత దాటిన సైనికులు ఈసారి మనవాళ్లు. ఆ తర్వాత మరాఠ్వాడాలోనూ తెలంగాణలోనూ ఏ పాపం ఎరగని ముస్లిం కుటుంబాల మీద పడిన దెబ్బను, అదే సైన్యం తెలంగాణ సాయుధ పోరాటంలోని రైతుల మీదికి తిరగడాన్ని, మన పండగ కథలో చాలాకాలం చేర్చలేదు. చేర్చాలి.

ఇక 1962. ఈ సీమలో సరిహద్దు కబురు అంత లోతుగా దిగిన సంవత్సరం మరొకటి లేదు.

అక్టోబర్ 20, శనివారం. దీపావళికి వారం ఉంది. సార్వా పంట చేతికి రాబోతోంది. నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్)లోనూ లద్దాఖ్‌లోనూ చైనా సైన్యం ఒకేసారి మీదపడిందన్న వార్త రేడియోలో వచ్చింది. 26న దేశమంతా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. తవాంగ్, సేలా, బొమ్‌డిలా అని అంతకుముందు ఎన్నడూ వినని పేర్లు పంచాయతీ రేడియో చుట్టూ చేరిన రైతుల నోళ్లలో నలిగాయి. నవంబర్ 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపుతున్నట్టు ప్రకటించి వెనక్కి జరిగింది. నెలరోజుల యుద్ధం. మన సైనికులు ప్రభుత్వ లెక్కలోనే 1,383 మంది చనిపోయారు.

జాతీయ రక్షణ నిధి అనగానే ఇచ్చినవాళ్లలో ముందున్నది ఆడవాళ్లు. సభావేదికల మీదికి వచ్చి చేతి గాజులు తీసి ఇవ్వడం దేశమంతటా జరిగింది. డెల్టా ఇల్లాలికి బంగారం అంటే ఏమిటో ఎరిగినవాళ్లకే ఆ గాజు బరువు తెలుస్తుంది. పొలం మగవాడి పేరు మీద ఉంటుంది, ఇల్లు మగవాడి పేరు మీద ఉంటుంది, ఆమెదంటూ ఉన్నది ఒంటి మీద బంగారమే. అది తీసి ఇచ్చింది. ప్రభుత్వం పదిహేనేళ్ల గడువుతో, ఆరున్నర శాతం వడ్డీతో బంగారు బాండ్లు కూడా తెచ్చింది.

తర్వాతి దెబ్బ కంసాలి కుంపటి మీద పడింది. 1963 జనవరిలో మొరార్జీ దేశాయి బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చారు. పద్నాలుగు కేరట్లకు మించిన బంగారంతో కొత్త నగ చెయ్యడానికి లేదు. ఇరవై రెండు కేరట్లకు అలవాటుపడిన చెయ్యి అది. పద్నాలుగు కేరట్ల లోహం బిరుసు, రంగు తక్కువ, సన్నపనికి లొంగదు. కూతురి పుస్తెలు అలాంటి బంగారంతో చేయించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? పని ఆగిపోయింది. దేశంలో కొందరు కంసాలులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది చివరికల్లా నిబంధన సడలింది, కానీ 1968లో అది చట్టమే అయి 1990లో గానీ తొలగలేదు. బొమ్‌డిలా ఎక్కడుందో తెలియని ఒక వీధి కంసాలి ఆ యుద్ధానికి దాదాపు ముప్పై ఏళ్లు సుంకం కట్టాడు. 1962 మీద వచ్చిన పుస్తకాల్లో సేనాపతుల తప్పొప్పులకు దక్కిన చోటులో వందో వంతు కూడా వీళ్లకు దక్కకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆ యుద్ధం కబురు వచ్చిన మూడో దారి కమ్యూనిస్టు పార్టీది. 1962 ఫిబ్రవరి ఎన్నికల్లో ఏలూరు లోక్‌సభ స్థానానికి కమ్యూనిస్టు అభ్యర్థి వీరమాచనేని విమలాదేవి గెలిచారు. శాసనసభలో ఆ పార్టీకి 51 స్థానాలు. ఎనిమిది నెలలు తిరక్కుండా అదే ఓటరు కాలవగట్టు మీద కార్యకర్తను ఆపి, మీరు ఎటువైపని అడగవలసి వచ్చింది. పార్టీ జాతీయ సమితి నవంబర్ 1న చైనాది దురాక్రమణేనని తీర్మానించింది, అయితే అందరూ కలిసి కాదు. పుచ్చలపల్లి సుందరయ్య, మాకినేని బసవపున్నయ్య ఒకవైపు, చండ్ర రాజేశ్వరరావు మరోవైపు. ముగ్గురూ కోస్తా తెలుగువాళ్లే, ఒకే ఉద్యమంలో అజ్ఞాతవాసం చేసినవాళ్లే. మెక్‌మహన్ రేఖ 1914 నాటిదని, దాన్ని చైనా ఒప్పుకోలేదని, చర్చలతో తేల్చాలని ఒకరు. చర్చ సరే, తుపాకీతో వచ్చినవాణ్ణి ఏమంటావని మరొకరు. ఈ వాదన ఢిల్లీ నుంచి పార్టీ ఆఫీసుకి, ఆఫీసు నుంచి అరుగు మీదికి, అరుగు మీంచి ఇంట్లోకి వచ్చింది.

భారత రక్షణ నిబంధనల కింద విచారణ లేకుండా వందల మందిని జైళ్లలో పెట్టారు. స్వరాజ్యం కోసం ఒకసారి, తెలంగాణ కోసం ఒకసారి జైలు చూసినవాళ్లు ఈసారి దేశద్రోహి అన్న మాటతో లోపలికి వెళ్లారు. నా అభిప్రాయం దాచుకోను. దాడిని దాడి అనడానికి తడబడటం తప్పు. ఆ తడబాటుకు విచారణైనా లేకుండా మనిషిని నెలల తరబడి బంధించడం అంతకంటే పెద్ద తప్పు.

1964 ఏప్రిల్‌లో 32 మంది జాతీయ సమితి నుంచి బయటికి నడిచారు. జూలైలో తెనాలిలో కూడారు. అక్టోబర్ చివర కలకత్తా మహాసభతో రెండో కమ్యూనిస్టు పార్టీ నిలిచింది. చీలికకు చైనా ఒక్కటే కారణం కాదు, కాంగ్రెస్‌తో ఎలా ఉండాలన్న తగవు అంతకుముందు నుంచీ రగులుతోంది. కానీ పల్లెలో దాన్ని పెద్దది చేసింది ఆ నెలరోజుల యుద్ధమే. లెఫ్టు, రైటు అన్న మాటలు అప్పుడే మన ఊళ్ల పేర్ల పక్కన చేరాయి. కూలి రేటు కోసం ఒకే జెండా కింద నడిచినవాళ్లు రెండు ఊరేగింపులుగా నడిచారు. చైనా సైనికులు మెక్‌మహన్ రేఖ అవతలికి వెళ్లిపోయారు. ఇక్కడ గీసిన గీత మాత్రం తరం మారినా చెరగలేదు.

1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధం. లాల్‌బహదూర్ శాస్త్రి సోమవారం ఒంటిపూట తినమన్నప్పుడు, దేశానికి బియ్యం పంపే ఈ డెల్టాలో కూడా ఒంటిపూట ఉన్నవాళ్లున్నారు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ బయట మునిగింది.

ఇవన్నీ వార్తలుగా విన్న ఊళ్ల మధ్య, వార్తగా కాక ఇంటి కబురుగా విన్న ఊరు ఒకటుంది. తాడేపల్లిగూడెం నుంచి ఆరేడు కిలోమీటర్లు పోతే మాధవరం. అందరూ మిలటరీ మాధవరం అంటారు. పూసపాటి మాధవవర్మ పదిహేడో శతాబ్దంలో ఆరుగొలను కోట కాపలాకు ఉత్తరాంధ్ర నుంచి సిపాయిలను తెచ్చి ఇక్కడ నిలిపాడని ఊరి చరిత్ర. మొదటి ప్రపంచయుద్ధానికి ఈ ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్లారని చెప్తారు. ఊళ్లోని స్మారక స్తూపం మీద పేర్లున్నాయి. 1962, 1965, 1971, శ్రీలంక, కార్గిల్, ఏ లెక్క తీసినా అందులో ఈ ఊరివాళ్లున్నారు. పక్క ఊళ్లలో అరుగుల మీద వాదనలు జరుగుతున్న రోజుల్లో ఈ ఊళ్లో టపావాడి సైకిలు గంటకు గుండె జారేది. యుద్ధం మీద గట్టిగా మాట్లాడటం యుద్ధానికి కొడుకుని పంపనివాళ్లకి సులువు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు ఇరవై మంది పోయారు. వాళ్ల కమాండరు కర్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. కరోనా రోజులు, గుమ్మం దాటలేని రోజులు. అయినా తెలుగు పల్లెల్లో కొవ్వొత్తులు వెలిగాయి, చైనా సరుకు కొనొద్దని జనం ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకున్నారు. నెలాఖరుకి ప్రభుత్వం 59 చైనా యాప్‌లను ఆపింది. అదే వేళ కొల్లేటి చుట్టూ, భీమవరం చుట్టూ చెరువుల్లో వనామీ రొయ్య పెరుగుతోంది. అప్పట్లో మన రొయ్యలు కొనేవాళ్లలో అమెరికా తర్వాత చోటు చైనాదే. మేత అప్పు, కరెంటు బిల్లు నెత్తి మీదున్న రైతు ఏ నినాదం ఇవ్వాలో నిర్ణయించుకోవడం బయటివాళ్లు అనుకున్నంత తేలిక కాదు. అతన్ని తప్పుపట్టే హక్కు రొయ్యకు ధర కట్టనివాళ్లకు లేదని నేననుకుంటాను.

గల్వాన్ జరిగిన రెండేళ్లకు, 2022 జూన్ 14న, సైన్యంలో చేర్చుకోవడానికి అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్ల కొలువు. నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో కొనసాగడానికి లేదు, తక్కిన ముగ్గురూ కొంత సొమ్ముతో ఇంటికి రావాలి, పింఛను ఉండదు. సైనికుడి పింఛనుతో ఇళ్లు లేచిన ఊరికి, ఇంటికొకణ్ణి పంపడం తాతలనాటి ఆచారమైన ఊరికి, ఇది చిన్న మార్పు కాదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే తిరిగొచ్చే ఆ ముగ్గురిని మాధవరం ఏ వరుసలో నిలబెట్టుకోవాలి? స్తూపం దగ్గర దండ వేసే నాయకుల్లో ఎవరూ ఇంతవరకు ఆ ఊరి తల్లులకు నచ్చేలా దీనికి జవాబు చెప్పలేదు.